వార్డెన్ సంతకం

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాకు నేను వ్యతిరేకిని కాను. మన దేశంలో ఏటా డెబ్భై వేలమందికి పైగా స్త్రీలను చంపుతున్న జబ్బు అది. అందుకే 2009లో ఖమ్మం జిల్లాలో జరిగింది మరింత బాధిస్తుంది.

పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 10-14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకా వేయించాయి. వీళ్ళలో గిరిజన హాస్టళ్ళ పిల్లలెందరో. పరిశోధన అనకుండా 'ప్రదర్శన ప్రాజెక్టు' అన్నారు. పరిశోధన అంటే నియమాలు అడ్డొస్తాయి మరి!

పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదిక చూడండి. రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాల్లో 2,763 వార్డెన్లు సంతకం చేసినవి, 1,948 వేలిముద్రలు వేసినవి. తల్లిదండ్రులుండగా వార్డెన్ ఎవరి తరఫున ఒప్పుకున్నట్టు? ఖమ్మం, వడోదరల్లో టీకా వేసిన పిల్లల్లో ఏడుగురు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపారు. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ అంది. నిజమే కావచ్చు. కానీ దుష్ఫలితాల నమోదే సరిగా లేదని స్థాయీ సంఘం తప్పుపట్టింది.

ఆ పిల్లలిప్పుడు ముప్పై ఏళ్ళకు చేరుతున్నారు. ప్రభుత్వ క్యాన్సర్ పరీక్షలు మొదలయ్యే వయసది. ఏ టీకా, ఎన్ని మోతాదులు వేశారో వాళ్ళకర్థమయ్యే భాషలో రాసి, ఒక్కొక్కరి చేతికీ ఇవ్వాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాను.