చెట్టు ఒంటరిది కాదు

వర్షాకాలం రాగానే మన దేశంలో వనమహోత్సవం జరుగుతుంది. 1950లో నాటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ ప్రారంభించిన ఈ సత్సంప్రదాయం ప్రశంసనీయమే. కాని ఎన్ని మొక్కలు నాటామన్న లెక్కతోనే మన కర్తవ్యం ముగిసిందని భావించడం సరికాదని నా అభిప్రాయం. వాటిని ఏ మట్టిలో నాటామన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న.

చెట్టుకు కావలసిన నీటిని, లవణాలను దాని వేళ్ళే సంపాదిస్తాయని మనం చిన్నతనంలో చదువుకున్నాం. ఇది అర్ధసత్యం మాత్రమే. ట్రఫుల్ అనే విలువైన భూగర్భ పుట్టగొడుగు సాగుకు మార్గం అన్వేషిస్తున్న జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్, అడవి చెట్ల వేళ్ళ కొసలను శిలీంధ్రాలు తొడుగువలె కప్పి ఉండడం గమనించాడు. అవి చెట్టుకు హాని చేయక పోషణలో తోడ్పడుతున్నాయని ప్రతిపాదించి, 1885లో ఆ పొత్తుకు మైకోరైజా అని పేరు పెట్టాడు. 'శిలీంధ్రమూలం' అని దాని అర్థం.

శిలీంధ్రానికి పత్రహరితం లేదు; తన ఆహారాన్ని తాను తయారు చేసుకోలేదు. చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. ప్రతిఫలంగా శిలీంధ్రపు సన్నని పోగులు, వేరు చొరలేని మట్టి సందులలోనికి పోయి భాస్వరాన్ని, నత్రజనిని, నీటిని తెచ్చి అందిస్తాయి. సాలవృక్షాలలో ఈ శిలీంధ్రం వేరుపై తొడుగుగా ఏర్పడుతుంది. మన టేకు, చింత, వేపలలో వేరు కణాలలోనికే ప్రవేశించి, సూక్ష్మదర్శినికి గాని కనిపించదు.

ఈ పొత్తు లోపిస్తే ఏమవుతుందో ప్యూర్టోరికో ద్వీపం చెప్పింది. అక్కడ పైన్ చెట్లు సహజంగా లేవు. 1930ల నుండి ఎన్నిసార్లు నాటినా మొక్కలు పాలిపోయి గిడసబారేవి. 1955లో అమెరికాలోని పైన్ అడవి మట్టిని తెచ్చి కలిపిన తరువాతనే అవి ఏపుగా పెరిగాయి. లోపం మొక్కలో లేదు, మట్టిలో తోడు లేకపోవడంలో ఉన్నది.

అయితే ఉత్సాహంలో అతిశయోక్తి తగదు. కెనడా అడవిలో బర్చ్, డగ్లస్ ఫర్ చెట్ల నడుమ కర్బనం ఇటునుండి అటు, అటునుండి ఇటు చేరుతున్నదని 1997లో సుజాన్ సిమార్డ్ బృందం ప్రకటించింది. దానితో తల్లి చెట్టు పిల్ల చెట్టును పోషిస్తుందన్న కథలు వ్యాపించాయి. ఆ బృందంలోనే ఉన్న మెలనీ జోన్స్ మరి ఇద్దరితో కలిసి, అట్టి కథలకు అడవులలో తగిన నిదర్శనాలు లేవని 2023లో హెచ్చరించింది. సత్యానికి అలంకారం అక్కరలేదు. ఇచ్చిపుచ్చుకొనడమే ఇక్కడి ధర్మం. అది చాలినంత అద్భుతం.

ఒకచోట పాత అడవిని నరికి, మరొకచోట మొక్కలు నాటి నష్టం పూడ్చామనుకునే పరిహార అటవీకరణ విధానానికి 2016 చట్టం ప్రత్యేక నిధిని ఏర్పరచింది. అభివృద్ధికి భూమి అవసరమే, కాదనను. కాని నరికిన మానులను లెక్కించగలం గాని, తరతరాలుగా ఆ నేలలో అల్లుకున్న పోగులను ఏ రిజిస్టరులో వ్రాయగలం? ధనంతో మొక్కను కొనవచ్చు. అడవి మట్టిని కొనలేము. కనుక ఉన్న అడవిని కాపాడడమే ప్రథమ కర్తవ్యం, నాటడం ద్వితీయం.

విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఆవరణలోని పాత చెట్ల మొదళ్ళను సిమెంటుతో కప్పవద్దు. మొక్క నాటినప్పుడు అదే జాతి పెద్ద చెట్టు క్రింది మట్టిని దోసెడు గుంటలో కలపండి. భాస్వరపు ఎరువు మితిమీరి వేస్తే ఈ పొత్తు సడలుతుందని మరువవద్దు. ఫోటోలో కనిపించేది మొక్కే. దానిని బ్రతికించేది మట్టిలోని చెలిమి.