తోపుడుబండ్ల తరలింపు విషయమై పురపాలక సంఘమునకు బహిరంగ లేఖ

పురపాలక సంఘాధ్యక్షులకును, సభ్యులకును,

అయ్యా,

గడియార స్తంభము చెంత కూరగాయలమ్ముకొను బండ్లవారిని ఊరివెలుపలి బైపాసు ప్రక్కకు తరలింపవలెనని గతమాసమున మీరు తీర్మానించితిరి. దారి ఇరుకైనదన్నమాట యథార్థమే. కాని, తెల్లవారకమునుపే టోకుబజారున అప్పుపై గోంగూర కట్టలు తెచ్చి, తడిగోనె కప్పి, గడియకొకమారు నీళ్లు చిలుకరించుచు, ప్రొద్దు వాలులోపల అమ్ముకొన్నగాని ఆ అప్పు తీర్చలేని స్త్రీలకు, నడచివచ్చు మనిషియే కానరాని ఆ బైపాసున బ్రతుకెట్లు సాగునో మీలో నొక్కరైనను విచారించితిరా? రానుపోను ఆటో బాడుగకే వారి దినలాభము చెల్లిపోవును.

సర్వే ముగిసి ధ్రువపత్రములిచ్చువరకు ఎవ్వరిని తొలగింపరాదనియు, తరలించునెడల 30 దినముల నోటీసు ఇయ్యవలెననియు, పట్టణ విక్రయ సంఘమున నూటికి 40 పాళ్లకు తగ్గక విక్రేతలే ఎన్నికయై కూర్చుండవలెననియు 2014వ సంవత్సరపు వీధి విక్రేతల చట్టము శాసించుచున్నది. మన పట్టణమున సర్వేయే జరుగలేదు. ఆ సంఘము కూడిన జాడయు లేదు.

ఖాళీయగు స్థలమున దుకాణ సముదాయము లేపనున్నారని వినుచున్నాము. అది ఎవరికొరకు?

కావున తరలింపును తక్షణమే నిలిపి, సర్వే జరిపించి, విక్రయ సంఘమును సమావేశపరచి, ఆ సముదాయపు నమూనాను, వ్యయపు అంచనాను రాబోవు సమావేశమునకు ముందే కార్యాలయపు నోటీసు పలకపై అంటింపుడు. స్తంభమునకు పడమట గీత గీసి, ఉదయము 6 మొదలు 10 వరకు బండ్లకు విడిచినచో బస్సులకు అడ్డముండదు. ఒక ఉదయము మీరే వచ్చి నిలిచి చూడుడు.

ఇట్లు,
ఈ పట్టణపు పన్నుదారుడు