ప్రేమ్ మాథుర్ కథ మన పిల్లలకు బొమ్మల్లోనే చెప్పాలి



విమాన చోదకుల జీవితాలను బొమ్మల పుస్తకాలుగా వేస్తే పిల్లలకు చదివే అలవాటు పోతుందని గత వారం మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. నేను ఒప్పుకోను. 1947లో మొదలైన పిల్లల పత్రిక ‘చందమామ’ను మన పెద్దలు చిత్ర, శంకర్, వపా బొమ్మల కోసమే తెరిచేవారు. తెరిచాక చివరి పేజీ దాకా చదివేవారు.

అదే 1947లో ప్రేమ్ మాథుర్ హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేస్‌లో చేరారు. మన దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్ ఆమె. ఆడమనిషి విమానం నడిపితే ప్రయాణికులు భయపడతారని అంతకుముందు పలు కంపెనీలు ఆమెను కాదన్నాయి. 1949లో జాతీయ విమాన పందెం గెలిచింది ఆమే! కామారెడ్డి, ఎల్లారెడ్డి బడుల్లో ఆమె పేరు విన్న ఆడపిల్లలు ఎందరు? 95 అడుగుల రెక్కల డకోటా విమానం ఎలా ఉంటుందో పదేళ్ల పిల్లకు పేరా రాసి చెప్పలేం, గీసి చూపాలి.

తెలుగులో అలాంటి పుస్తకం తెచ్చేవారికి ఒకటే మనవి. ఆవిష్కరణ రవీంద్రభారతిలో వద్దు. ఎల్లారెడ్డి గ్రంథాలయంలోనో, కామారెడ్డి సర్కారు బడిలోనో పెట్టండి. తొలి ప్రతులు ఆడపిల్లల చేతికే ఇవ్వండి.

– ఒక ఉపాధ్యాయుడు, ఎల్లారెడ్డి, కామారెడ్డి జిల్లా