తలంపుకు ఒక వేళ, ఒక చోటు

అమెరికాలోని మన గుళ్లలో పూజకు కూర్చున్నప్పుడు అర్చకులు చెప్పించే సంకల్పాన్ని ఒకసారి శ్రద్ధగా వినండి. ఇండియాలో జంబూద్వీపం అనే చోట ఇక్కడ చాలామంది క్రౌంచద్వీపం అంటారు. సంవత్సరం, మాసం, తిథి, వారం, గోత్రనామాలు అయ్యాకే, ఏం తలపెట్టామో పలికిస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నది తేలనిదే పూజ మొదలుకాదు. మామూలు రోజున మాత్రం తెల్లవారగానే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. రాత్రి ఇండియా టీమ్ పెట్టిన మెసేజ్‌లు చూసేసరికి ఆ రోజు మన పనేమిటో వేరెవరో నిర్ణయించేసి ఉంటారు. రోజును గట్టి తలంపుతో మొదలుపెట్టాలని అందరూ చెబుతారు. ఆ తలంపుకు వేళనూ చోటునూ ముడివేయకపోతే అది ఉత్త కోరికగానే మిగులుతుందని నా వాదన.

న్యూయార్క్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో రాసిన వ్యాసం సారం కూడా ఇదే: ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే నిశ్చయించుకున్నవాళ్లు అనుకున్నది ఎక్కువగా చేసి చూపిస్తారు. 2011లో వెలువడిన క్యాథరిన్ మిల్క్‌మన్ బృందం అధ్యయనం ఇంకా స్పష్టం. ఒక అమెరికన్ కంపెనీ ఉద్యోగులకు ఫ్లూ టీకా శిబిరాల వేళలు తెలుపుతూ ఉత్తరాలు పంపారు. కొందరి ఉత్తరాల్లో మాత్రం ఏ తేదీన, ఎన్నింటికి వస్తారో రాసుకోవడానికి ఖాళీలు ఉంచారు. మామూలు ఉత్తరం అందినవాళ్లలో 33 శాతం టీకా వేయించుకుంటే, ఖాళీలున్న ఉత్తరం అందినవాళ్లలో 37 శాతం వేయించుకున్నారు. తేడా చిన్నదే. కానీ దానికైన ఖర్చు కాగితం మీద రెండు ఖాళీలు!

రాత్రి షిఫ్టులో గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గరో, ఆస్పత్రి వార్డులోనో పనిచేసేవాళ్లకు తమ వేళ తమ చేతిలో ఎక్కడుంటుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న, కొత్తదీ కాదు. ఫిలడెల్ఫియాలో ప్రెస్ నడిపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఐదింటికే లేచి, ఈ రోజు ఏ మంచి చేయాలని తనను తాను అడిగేలా దినచర్య రాసుకున్నాడు. దాన్ని పాటించడం తనకెంతో కష్టమైందని ఆత్మకథలో ఆయనే ఒప్పుకున్నాడు. నలుగురితో పనిపడే యజమానికి గంటల లెక్క సాగదన్నాడు. గంటల పట్టిక చెదిరినా ప్రశ్న చెదరనక్కర్లేదు. పైగా ఆయన అడిగింది మంచిని గురించి, ఎన్ని పనులు ముగించానని కాదు. అందుకే తలంపుకు వేళ ముడివేయడమంటే బతుకును ఆఫీసు లెక్కగా మార్చడమేనన్న ఆక్షేపణ నాకు సరిగా తోచదు. ఎంత తీరికలేని మనిషికైనా రోజూ తప్పక వచ్చే ఘడియ ఒకటుంటుంది. తలంపును దానికి కట్టాలి: పిల్ల స్కూల్ బస్సెక్కగానే అమ్మకు ఫోన్ చేస్తాను. గుంటూరులో అప్పటికి సాయంత్రమే, ఆమె మేలుకునే ఉంటుంది.