కారు మీద గీత పడితే ముందు మన చేయి పడాలి



కారు మీద చిన్న గీత పడగానే మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. "నజర్ తగిలింది" అని అమ్మీ అంటుంది. "షోరూముకి ఇచ్చేద్దాం, ఇన్సూరెన్సు ఉందిగా" అని కొడుకు అంటాడు. ఈ రెండు మాటల వల్లా గీత పోదు. నా రాయ్ ఏమిటంటే, పై పూత దాటని గీతను ఇంట్లోనే, మన చేతులతోనే పోగొట్టుకోవాలి. అంతకు మించింది ఉస్తాద్ పని. ఆ పనికి ఆయన అడిగిన మజూరీ గీసి గీసి బేరమాడకుండా ఇవ్వాలి.

ఇది పైసలు మిగుల్చుకునే ముచ్చట ఒక్కటే కాదు. మా అబ్బా కొన్న తెల్ల మారుతి 800 ఇంకా మా ఇంటి ముందే ఉంది. 1983 డిసెంబరులో ఆ మోడల్ మొదటి బండి రోడ్డెక్కింది, 2014లో తయారీ ఆగిపోయింది. ఇవాళ బజారులో దాని ఖీమత్ అడిగితే నవ్వుతారు. మాకు మాత్రం అది అబ్బా నిషానీ. ఆపా రుఖ్సతీ అందులోనే జరిగింది. ఇలాంటి బండికి ఒళ్లంతా కొత్త పెయింటు వేయించాలంటే బండి ధరకంటే పెయింటు ఖర్చే ఎక్కువని చాలామంది తుక్కుకి ఇచ్చేస్తున్నారు. పాత బండ్లు బతకాలంటే ఇంటివాళ్ల మెహనతే దిక్కు.

కొత్త కారున్నవాళ్లకీ ఒక హిసాబ్ చెబుతాను. క్లెయిమ్ చేయకపోతే ఓన్ డామేజ్ ప్రీమియంలో మొదటి ఏడాది తర్వాత 20 శాతం, ఆ తర్వాత వరసగా 25, 35, 45, 50 శాతం దాకా తగ్గింపు వస్తుంది. దాన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. దాని కోసం విడిగా రక్షణ కొనుక్కోకపోతే, ఒక్క క్లెయిమ్‌తో అది మామూలుగా సున్నాకి పడిపోతుంది. వేలెడు గీత కోసం అయిదేళ్ల సబర్ పోగొట్టుకోవడం అఖల్‌మందీ కాదు.

మన ఇలాఖాలో గీతలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా చూడాలి. కొల్లేరు గట్ల మీద చేపల లోడు బండికి దారి ఇవ్వడానికి పక్కకి తీస్తే సర్కారు తుమ్మ ముళ్లు డోరు పొడవునా గీస్తాయి. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లుల దగ్గర ఆపిన కారు మీద ఊక బూడిద పడుతుంది. ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. రోజూ పొద్దున్నే బండిని ముద్దుగా పొడిగుడ్డతో దులిపేవాళ్లే సన్నగీతలు ఎక్కువ పెడుతున్నారు. ఆటపాక వెళ్లొచ్చినప్పుడు మీద పడే కొంగల రెట్టను కూడా ఎండనివ్వకుండా కడగాలి. అది రంగును తినేస్తుంది.

ఇప్పుడు పని సంగతి. కారు రంగు అంతా కలిపి సుమారు మిల్లీమీటరులో పదో వంతు మందం. కింద ప్రైమర్, మీద రంగు, దాని మీద క్లియర్ కోట్. పాత మామూలు రంగు బండ్లలో చాలావాటికి క్లియర్ కోట్ ఉండదు, రుద్దినప్పుడు గుడ్డకి రంగు అంటుకుంటుంది. అది చూసి గాబరా పడొద్దు, చేయి తేలిక చేయండి.

ముందు నీడలో పెట్టి, కారు షాంపూతో రెండు బకెట్లలో కడగండి. ఒకటి సబ్బునీళ్లకి, ఒకటి గుడ్డ జాడించడానికి. వుజూలో నీళ్లు పొదుపు చేయడం నేర్చుకున్నవాళ్లం, మనకు పైపు అక్కర్లేదు. తర్వాత గీతకి అడ్డంగా గోరు పెట్టి లాగండి. గోరు తట్టుకోకపోతే, నీళ్లు చల్లినప్పుడు గీత మాయమైతే, అది పై పూతలోనే ఉంది. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డకి కొంచెం రబ్బింగ్ కాంపౌండ్ రాసి తేలిగ్గా రుద్ది, తుడిచి, పాలిష్ పెట్టండి. అంచుల మీద, మలుపుల మీద రంగు పలచగా ఉంటుంది, అక్కడ గట్టిగా రుద్దొద్దు.

గోరు తట్టుకుంటే రుద్దడం ఆపేయండి. బండి ప్లేటు మీద కలర్ కోడ్ ఉంటే చూసి, లేకపోతే డీలరును అడిగి, అదే రంగు టచప్ పెన్ తెచ్చుకోండి. బ్రష్షు కంటే పళ్లపుల్ల కొనతో గీత లోపల మాత్రమే పలచగా పెట్టి, ఆరాక మళ్లీ పెట్టండి. ఇనుము కనిపిస్తే ఆలస్యం వద్దు. ఇక్కడి తేమలో తుప్పు త్వరగా పడుతుంది, రంగు కిందనుంచి పాకుతుంది. తుప్పు ఉంటే పూర్తిగా గీకి, ప్రైమర్ పెట్టాకే రంగు. అదే ప్లాస్టిక్ బంపరు మీద గీత అయితే తొందర లేదు, ప్లాస్టిక్ తుప్పు పట్టదు. వానాకాలంలో, చలికాలం మంచు పొద్దుల్లో రంగు పని పెట్టుకోవద్దు. గాలిలో చెమ్మ ఎక్కువైతే పూత తెల్లబోతుంది. సంక్రాంతి దాటాక, మంచు విడిచాక మొదలుపెట్టండి.

టూత్‌పేస్టు, కొబ్బరినూనె చిట్కాలను నమ్ముకోవద్దు. నూనె గీతను కప్పుతుంది, కడిగితే మళ్లీ కనిపిస్తుంది. పేస్టు సన్నగీతలను కొంచెం అరగదీస్తుంది, లోతైనవాటికి పనికిరాదు. స్ప్రే గన్ పనిని ఇంట్లో అసలు పెట్టకండి. ఆ పొగ పిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదు. మెటాలిక్ రంగు పెద్ద మచ్చలు, సొట్టలు కూడా ఉస్తాద్‌కే వదిలేయండి.

"ఇది మిస్త్రీల రోజీ మీద కొట్టడం కాదా భాయ్?" అని అడగొచ్చు. సహీ సవాలే. ఏలూరులో, గూడెంలో టింకరింగు, పెయింటింగు షెడ్లకి వెళ్లి చూడండి. తిన్నరు వాసనలో, వాటర్ పేపరు పట్టుకుని అరిగిపోయిన వేళ్లతో ఉన్నవాళ్లలో మన ఖౌమ్ పిల్లలు ఎంతమందో కనిపిస్తారు. వాళ్లకి నష్టం చేసేది ఇంట్లో గీత తుడుచుకునేవాడు కాదు. "రెండు పూతలేగా, ఇంతెందుకు?" అని సగం మజూరీ చేతిలో పెట్టేవాడు. అరగంట కూర్చుని జానెడు గీత మీద వేళ్లు నొప్పి పుట్టించుకున్నవాడికి ఆ రెండు పూతల వెనక ఎంత హునర్ ఉందో తెలుస్తుంది. వాడు బేరమాడడు. తెలియనివాడే బేరమాడతాడు.

హునర్‌కి ఇజ్జత్ ఇవ్వకపోతే ఏమవుతుందో ఏలూరువాళ్లకి కొత్తగా చెప్పాలా? తంగెళ్లమూడి వైపు మన బుజుర్గులు నేసిన తివాచీలు 1851లో లండన్ ఎగ్జిబిషన్ దాకా వెళ్లాయి. ఇవాళ ఆ మగ్గం దగ్గర కూర్చునే చేతులు ఎన్ని మిగిలాయి? తివాచీ కొన్నవాడికి దాని ముడి ఎలా పడుతుందో తెలియదు, అందుకే దాని ధర ఎక్కువ అనిపిస్తుంది. కారు రంగు సంగతీ అంతే.

కాబట్టి రంజాన్ ఈద్ ముందు ఇల్లు కడిగేటప్పుడు కారుని కూడా లెక్కలోకి తీసుకోండి. కొడుకుని ఒక పక్క, కూతురిని ఒక పక్క కూర్చోబెట్టండి. గోరు పెట్టి చూడటం, గుడ్డ తడిపి పట్టుకోవడం, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం నేర్పండి. మన దగ్గరున్న వస్తువు అమానత్ అని వందసార్లు చెప్పేకంటే ఒక్కసారి చేయించడం మేలు. చేయి దాటిన పని ఉంటే షెడ్డుకి తీసుకెళ్లి, పిల్లల ముందే ఉస్తాద్‌కి సలాం చెప్పి, పూర్తి మజూరీ ఇవ్వండి. వాళ్లు నేర్చుకోవాల్సిన రెండో సబఖ్ అదే.