బంతాట ఆడితే ఉజ్జోగమొస్తాదేటి?

మా నరసన్నపేట వైపు ఆటలాడే కుర్రాడిని ఎవరూ "ఎన్ని గోల్స్ కొట్టావురా?" అని అడగరు. "బంతాట ఆడితే ఉజ్జోగమొస్తాదేటి?" అని అడుగుతారు. అడిగేవాళ్లని తప్పు పట్టలేం. అరెకరం పొలం ఉన్న ఇంట్లో పెద్దోడు వలస పోతే, చిన్నోడు తెల్లారకుండానే లేచి హైవే పక్కన పరుగు తీస్తాడు. ఆర్మీ ర్యాలీ కోసమో, కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసమో. ఆట కూడా ఆ లెక్కలోదే. సర్టిఫికెట్ వస్తే స్పోర్ట్స్ కోటా, కోటా ఉంటే ఉద్యోగం. ఉద్యోగం వచ్చాక ఆట బంద్.

మన ఆమదాలవలస పక్కనున్న వూసవానిపేట నుంచి వెళ్లి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గారు కూడా ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేశారు. ఒలింపిక్ పతకం తెచ్చిన మనిషికీ నెల జీతం వేరే చోటి నుంచే రావాల్సి వచ్చింది.

ఈ లెక్కకి ఎదురు నడిచిన ఆటగాడు ఒకాయన ఉన్నారు. పేరు మహమ్మద్ హబీబ్, ఊరు హైదరాబాద్. 1949లో పుట్టారు, 2023 ఆగస్టు 15న పోయారు. మా ఆఫీసులో మెస్సీ మీద గంటసేపు మాట్లాడేవాళ్లకి కూడా ఈ పేరు చెబితే "ఎవరు?" అన్నారు. అందుకే ఈ వారం ఆయన గురించి.

హబీబ్ పుట్టిన కాలంలో హైదరాబాద్ అంటే ఫుట్‌బాల్. రహీం సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. జట్టు పేరులోనే పోలీసు ఉంది చూడండి. అప్పట్లో మంచి ఆటగాడంటే పోలీసో, రైల్వేనో, బ్యాంకో పిలిచి ఉద్యోగం ఇచ్చేది. పొద్దున ప్రాక్టీసు, తర్వాత హాజరుపట్టీలో సంతకం. ఒంట్లో ఆట అయిపోయాక కూడా కుర్చీ ఉంటుంది, పెన్షన్ ఉంటుంది.

హబీబ్ 1966లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. ఆ తర్వాత మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లకీ ఆడారు. ఒక క్లబ్బు అభిమాని ఇంకో క్లబ్బు వాడి మొహం చూడని ఊళ్లో మూడు క్లబ్బుల వాళ్లూ ఆయన్ని 'బడే మియా' అని పిలిచారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన మన జట్టులో ఉన్నారు. 1980లో అర్జున అవార్డు వచ్చింది. ఇన్నేళ్లలో ఉద్యోగం ఇస్తామని పిలుపులు వచ్చినా వద్దన్నారు. నా పని ఫుట్‌బాల్, అంతే. అందుకే ఆయన్ని దేశంలో తొలి నిజమైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అంటారు.

1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ ఆడింది. స్కోరు 2-2. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, రెండోది మన హబీబ్‌ది. మరో వారానికి, అక్టోబరు 1న పీలే వీడ్కోలు మ్యాచ్ ఆడేశారు.

కథ ఇక్కడ ఆపితే చప్పట్లు కొట్టి ఇంటికి పోవచ్చు. కానీ నాకు అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఉద్యోగం వద్దంటే పీఎఫ్, పెన్షన్ కూడా వద్దన్నట్టే. మోకాలు పోతే మర్నాటి నుంచి ఏం తినాలి? ఆ భయమంతా ఒక్క మనిషి మోశాడు. దాన్ని మనం ధైర్యం అని మెచ్చుకున్నాం తప్ప, ఆ బరువులో ఒక చెయ్యి వెయ్యలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే స్పెయిన్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడ కాంట్రాక్టు గడువు అయిపోయినా క్లబ్బు వదిలితే గానీ ఆటగాడు వేరే క్లబ్బుకి పోలేని పద్ధతి ఉండేది. 1978లో ఆటగాళ్లు సంఘం పెట్టుకున్నారు. 1979లో సమ్మె చేశారు. మ్యాచులు ఆగాయి. 1985కల్లా ప్రొఫెషనల్ ఆటగాడూ ఒక ఉద్యోగే అని, అతనికీ హక్కులున్నాయని ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. ఈ రోజు రిటైరైన స్పానిష్ ఆటగాళ్ల గోల్స్ వీడియోలు మనం చూస్తాం. ఆ గోల్స్ వెనక ఈ కాగితాలు కూడా ఉన్నాయి. మన దగ్గర ఆటగాళ్ల సంఘం 2006లో గానీ రాలేదు. బైచుంగ్ భుటియా ముందు నిలబడ్డారు.

సంఘం వచ్చాక అంతా బాగుపడిందా? హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి తెలుసుగా. స్పెయిన్ నుంచి వచ్చిన కోచ్ మనోలో మార్కెజ్ ఆధ్వర్యంలో 2022లో ఐఎస్ఎల్ ఛాంపియన్. 2023-24 సీజన్‌లో జీతాల బకాయిలు, వెళ్లిపోయిన ఆటగాళ్లు, పట్టికలో చిట్టచివరి స్థానం. ట్రోఫీ ఎత్తిన రెండేళ్లకి ఇదీ పరిస్థితి.

నేను కోడ్ రాసి బతుకుతాను. ఆఫర్ లెటర్, నోటీస్ పీరియడ్, ఇన్సూరెన్స్ కార్డు చూసుకుని గానీ ఉద్యోగంలో చేరను. లేఆఫ్ అంటే నాకూ భయమే. అయినా ఇరవై తొమ్మిదేళ్లకి నా పని ఇంకా మొదట్లోనే ఉంది. ఫుట్‌బాలర్‌కి ఆ వయసుకి సగం పైన అయిపోతుంది. అంత చిన్న కెరీర్ ఉన్నవాడికి నాకన్నా గట్టి కాగితం కావాలి కదా!

కాబట్టి మీ ఇంట్లో కుర్రాడినో, అమ్మాయినో ఏ అకాడమీయో క్లబ్బో పిలిస్తే భయపడి ఆపెయ్యకండి, మురిసిపోయి పంపెయ్యకండి. కూర్చోబెట్టి అడగండి. కాంట్రాక్టు ఎన్నేళ్లు? జీతం ఏ తారీకుకి పడుతుంది? కాలు విరిగితే ఆపరేషన్ ఖర్చు ఎవరిది? డిగ్రీ చదువు సాగనిస్తారా? జవాబులు నోటిమాటగా చెబితే కుదరదు, కాగితం మీద రాసిమ్మనండి.