మొక్కజొన్నకు ఇంత తీపి ఎందుకు?

పోయిన వేసవిలో మన సంఘం పిక్నిక్కుకు మొక్కజొన్న పొత్తులు తెచ్చే పని నాకు అప్పగించారు. వంట రానివాడికి ఇచ్చే పని అది. ముందురోజు సాయంత్రం సూపర్ మార్కెట్టుకు వెళ్ళి నూట ఇరవై పొత్తులు కారులో వేసుకొచ్చాను. మర్నాడు పార్కులో బొగ్గుల మీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్ది అందరికీ పంచాం. "పంచదార పాకంలా ఉన్నాయండీ డాక్టరుగారూ" అని మెచ్చుకోనివారు లేరు. తెచ్చినవాణ్ణి నేనే గనక నేనూ మురిసిపోయాను.

అప్పుడు మా నాన్నగారు గుంటూరు జిల్లా నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. ఆయన రెండు వరసలు కొరికి పొత్తును పళ్ళెం అంచున పెట్టేశారు. "బాగా లేదా నాన్నా?" అని అడిగాను. "బాగానే ఉందిరా. ఇంతకీ మొక్కజొన్న ఎప్పుడు పెడతావు?" అన్నారు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని ఆ మాట నన్ను వదల్లేదు. మొన్న కార్యవర్గ సమావేశంలో ఈ ఏటి పిక్నిక్కు జాబితా చదువుతుంటే, "పోయినేటిలాగే బాగా తియ్యటివి చూసి తెండి" అన్నారొకరు. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పబోతే, "డాక్టర్లకు అన్నిట్లోనూ చక్కెర జబ్బే కనిపిస్తుంది" అని నా నోరు మూయించారు. అక్కడ చెప్పనివ్వని మాట ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ అపోహ తీర్చుకుందాం. నా ఫిర్యాదు చక్కెర జబ్బు గురించి కాదు. మామూలు పొత్తు ఒకదానిలో ఉండే చక్కెర సుమారు 6 గ్రాములు. మధ్యరకం యాపిల్ పండులో దానికి మూడింతలు ఉంటుంది. బాగా తియ్యని రకాల్లో ఇంకాస్త ఎక్కువే ఉన్నా, మన పిక్నిక్కులో గులాబ్ జామ్‌ల పళ్ళెం ముందు అదొక లెక్కా? ఆరోగ్యం పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టే ఉద్దేశం నాకు లేదు. నా ఫిర్యాదు అంతా రుచి గురించే. మనం ఈ మధ్య కొంటున్న పొత్తుల్లో తీపి ఉంది, మొక్కజొన్న లేదు.

ఇలా ఎందుకయిందో చెబుతాను. ఆకుల్లో తయారైన చక్కెరను గింజలోకి తెచ్చి పిండిగా పేర్చి దాచుకోవటం మొక్క స్వభావం. ఆ పేర్పులో పుట్టుకతో వచ్చిన లోపమే స్వీట్ కార్న్. అలాంటిది మనిషిలో కనిపిస్తే మేం జబ్బంటాం, పొత్తులో కనిపిస్తే వెన్న రాసుకు తింటాం. పాతకాలపు స్వీట్ కార్న్‌లో ఉన్న లోపానికి 'షుగరీ' అని పేరు. ఇందులో కొంత చక్కెర మిగిలిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, పిండి కావలసిన దానిలో కొంత ఫైటోగ్లైకోజెన్‌గా మారుతుంది. మన కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్‌కు అది దగ్గరి చుట్టం. గింజ కొరికితే నాలుకకు వెన్నలా, మీగడలా తగిలేది అదే. 1902లో బర్పీ విత్తనాల కంపెనీ అమ్మకానికి పెట్టిన గోల్డెన్ బాంటమ్ ఈ జాతిదే. అంతకుముందు ఈ దేశంలో చాలామంది తెల్ల గింజ మనుషులకు, పచ్చ గింజ పశువులకు అనుకునేవారు. ఆ రకం వచ్చాక పచ్చ గింజలకు గౌరవం వచ్చింది.

ఆ పాత రకానికి ఒక పెద్ద చిక్కుంది. పొత్తు విరిచిన క్షణం నుంచీ గింజలోని చక్కెర పిండిగా మారిపోతుంటుంది. వేసవి ఎండలో వదిలేస్తే ఒక్క రోజులో దాదాపు సగం పోతుంది. నా దగ్గరకు వచ్చే ఒక ముసలి రైతు, "ముందు పొయ్యి మీద నీళ్ళు పెట్టి, తర్వాత చేలోకి వెళ్ళాలి డాక్టర్" అంటాడు. ఆ మాట వెనక ఉన్న శాస్త్రం ఇదే.

ఆ చిక్కుకు విరుగుడు మనముంటున్న ఇల్లినాయ్‌లోనే పుట్టింది. ఇక్కడి విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ లాఫ్నన్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు 'ష్రంకెన్-2' అనే మరో లోపమున్న గింజలు అసాధారణమైన తీపితో ఉంటాయని 1953లో ప్రకటించాడు. ఎండితే గింజ ముడతలు పడి ముడుచుకుపోతుంది గనక ఆ పేరు. ఇందులో పిండి తయారీకి మొదటి మెట్ల దగ్గరే అడ్డుపడుతుంది. అందువల్ల కోసిననాటికి పాతరకం కంటే రెండు మూడు రెట్లు చక్కెర ఉంటుంది, చల్లగా ఉంచితే వారం దాటినా తీపి తగ్గదు. 1960ల మొదట్లో ఇల్లినై ఎక్స్‌ట్రా స్వీట్ అనే పేరుతో అంగడికెక్కింది. ఫ్లోరిడాలో కోసిన పొత్తు లారీలో మంచుప్రాంతాలకు చేరి, నాలుగు రోజులు అంగట్లో ఉండి కూడా తియ్యగా ఉంటుందంటే దాని చలవే. ఆ శాస్త్రజ్ఞుడి పని గొప్పదే, కాదనను.

కాని తీపి పెరిగినప్పుడు మరొకటి తరిగింది. ఈ జాతిలో ఫైటోగ్లైకోజెన్ దాదాపు ఉండదు. కనుక మీగడతనం పోయింది. కొరికితే కరకరమని చక్కెర నీళ్ళు చిమ్ముతాయి, అంతే. ఇక మొక్కజొన్న ఉడికేటప్పుడు ఇల్లంతా కమ్ముకునే వాసనకు ముఖ్య కారణం గంధకపు సమ్మేళనం ఒకటి, చక్కెర కాదు. ఆ వాసన ముక్కుకు అందాలంటే నాలుక మీద తీపి కాస్త ఒదిగి ఉండాలి. ఈ రకాల్లో తీపి అరుస్తుంటే మిగతా రుచులు వినబడవు.

నాతో వాదించేవాళ్ళు మూడు మాటలు అంటున్నారు. మొదటిది, "పేరే స్వీట్ కార్న్, తియ్యగా ఉండకూడదంటారేం?" ఉండకూడదని నేననలేదు. పాయసం కూడా తీపి వంటే. అయినా బియ్యం, పాలు తెలియకుండా పంచదార పోస్తే మనవాళ్ళు ఒప్పుకుంటారా?

రెండవది, "ఇది మీ ఊరి బెంగ" అన్నమాట. కొంత నిజమే. మనం చిన్నప్పుడు కుంపటి మీద కాల్చుకు తిన్నది స్వీట్ కార్న్ కాదు. అది మామూలు చేనుజొన్న, గింజలో పాలు చిక్కబడే వేళకు విరిచింది. దాన్ని నమలాలి. నమిలిన కొద్దీ రుచి వస్తుంది. దాన్ని ఇక్కడ పుట్టించమని నేను కోరటం లేదు. నేనడిగేది ఈ దేశపు పాత రుచినే. ఆ ముసలి రైతుకు గుంటూరు ఎక్కడుందో తెలియదు, ఆయన గొడవా మా నాన్నగారి గొడవా ఒకటే. ఇంకో సంగతి, బెంగపడటానికి ఊళ్ళో కూడా పాత రుచే ఉందనుకోకండి. హైదరాబాదు సినిమాహాళ్ళలో వెన్న కలిపి కప్పుల్లో అమ్ముతున్నదీ స్వీట్ కార్నే.

మూడవ మాటే నన్ను నిజంగా బాధపెట్టింది. "పిల్లలు తీపైతేనే తింటారు." మా అమ్మాయికి ఏడేళ్ళు. పోయిన ఆగస్టులో ఆ రైతు ఇచ్చిన సిల్వర్ క్వీన్ పొత్తులు, పొద్దున విరిచినవి, ఇంటికి తెచ్చి గంటలో ఉడికించాను. తెల్లగా, పల్చటి తోలుతో, చిక్కటి పాలతో ఉన్నాయి. నాన్నగారు రెండు తిని మూడోది అడిగారు. అమ్మాయి ఒక్కసారి కొరికి, "ఇది పాడైపోయింది నాన్నా" అంది. పాడైంది పొత్తు కాదు. ఆ నాలుకకు తీపి ఒక్కటే మంచి అని నేర్పింది నేను, నా సూపర్ మార్కెట్టు సంచీతో. తెలుగు నేర్పటానికి ఆదివారం బడి పెట్టుకున్నాం. నాలుకకు బడి ఎవరు పెడతారు?

కనుక ఈ ఏటి పిక్నిక్కుకు నా ప్రతిపాదన ఇది. ముందురోజు అంగడికి వెళ్ళటం మానేద్దాం. పిక్నిక్కు పొద్దున్నే నలుగురం కలిసి రోడ్డు పక్క రైతు అంగడికి వెళ్దాం. "ఎప్పుడు కోశారు, ఏం రకం?" అని రెండు ప్రశ్నలు అడుగుదాం. పాతరకం దొరికితే సరే. దొరకకపోతే ఇన్‌క్రెడిబుల్, బోడేషస్ లాంటివి తీసుకుందాం. అవి పాత జాతికే మరో జన్యువు తోడై వచ్చినవి. తీపి కాస్త ఎక్కువైనా మీగడతనం పోలేదు. పొట్టు ఒలవకుండా, మంచుపెట్టెలో పెట్టి తెచ్చి మధ్యాహ్నంలోగా కాల్చేద్దాం.

పెరట్లో గోంగూర, బీర వేసుకునేవారికి ఇంకో మాట. మొక్కజొన్న ఒకే వరసలో వేయకండి, నాలుగు పొట్టి వరసలుగా గుంపుగా వేయండి. పుప్పొడి గాలికి రాలి పీచు మీద పడాలి, ఒక్కో పీచుకు ఒక్కో గింజ. పాతరకం, అతితీపి రకం ఒకే సమయానికి పూసేట్టు పక్కపక్కన వేస్తే రెండిటి గింజలూ గట్టిపడి చెడతాయి.

అతితీపి పొత్తులు కావాలనేవారి కోసం అవీ ఒక డజను పక్కన పెడదాం. నాకు అభ్యంతరం లేదు. కాని పిల్లలందరికీ ముందు పొద్దున విరిచిన పొత్తు పెట్టాలి, ఒకసారి కాదు, వరసగా రెండు మూడు వేసవులు. అప్పటికీ వాళ్ళు అదే పాడైందంటే నేను ఓడిపోయినట్టే, ఆ తర్వాత మళ్ళీ ఈ ఊసెత్తను. నాన్నగారు వచ్చే జూలైలో మళ్ళీ వస్తున్నారు. ఈసారి ఆయన అడగకముందే మొక్కజొన్న పెట్టాలని నా కోరిక.